ఖాళీ గిన్నె

ఆ అపార్ట్‌మెంటులో ఆమెను అందరూ గిన్నెలమ్మ అంటారు. మొహం మీద కాదు లెండి, చాటుగానే. అయినా ఆమెకు తెలుసు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఆ చెవులను తప్పించుకుపోయే మాట ఆ మెట్ల మీద ఇంకా పుట్టలేదు.

పేరు ఊరికే రాలేదు. ఇరుగుపొరుగు ఎవరైనా గిన్నెలో ఏదైనా పెట్టి పంపితే, ఆ గిన్నె ఆమె ఇంటి నుంచి ఖాళీగా వెనక్కి వెళ్లిన పాపాన పోలేదు. కడిగి, తుడిచి, తన చేత్తో చేసింది ఏదో ఒకటి పెట్టి మరీ పంపేది. ఒంట్లో బాగాలేక పొయ్యి వెలిగించని రోజున కుండీలోంచి గుప్పెడు పుదీనా అయినా తుంచి వేసేది. అది చూసి మొహమాటపడి అవతలివాళ్లు మళ్లీ ఏదో పంపేవారు. ఈమె మళ్లీ పంపేది. పై అంతస్తు లెక్చరరుగారి భార్య ఈ రాకపోకలతో వేగలేక, తిరిగి పంపడానికి గిన్నె అనేదే లేకుండా ఒకసారి కాగితంలో పొట్లం కట్టి పంపింది. సాయంత్రానికల్లా గిన్నెలమ్మ తన సొంత గిన్నె నింపి పంపింది. ఆ దెబ్బతో లెక్చరరుగారి భార్య చేతులెత్తేసింది.

ఆమెకు ఇంకో పట్టింపు కూడా ఉంది. అది ఉద్యోగం నేర్పింది. ఎక్స్ఛేంజిలో ఇద్దరిని కలిపాక, అవతలి గొంతు పలికిందని తేలగానే లైను మీంచి చెవి తీసెయ్యాలి. తోటి ఆపరేటర్లు కొందరు కాలక్షేపానికి వినేవారు. ఈమె సర్వీసు మొత్తంలో ఒక్కనాడూ వినలేదు. ఎవరి మాట వాళ్లది. ఇంట్లోనూ అంతే. కూతురి బీరువా తలుపు తెరిచి ఉంటే మూసి వచ్చేదే తప్ప, లోపల ఏముందో చూసేది కాదు. ఈ రెండు మంచి అలవాట్లూ చేతులు కలిపి ఆ ఇంట్లో ఎంత పని చేశాయో చెప్పడానికే ఈ కథ.

ఆమె భర్త బస్సు కండక్టరుగా చేశారు. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి కేక పెడితే ముందున్న డ్రైవరు ఉలిక్కిపడేవాడు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ నెమ్మదిగా కొంత స్వాధీనంలోకి వచ్చాయి కానీ మాట రాలేదు. ఉన్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది, "రైట్". బస్సు కదలమని బతుకంతా అరిచిన ఆ ఒక్క మాట నాలుకను అంటిపెట్టుకుని ఉండిపోయింది. ఆకలేస్తే "రైట్". వద్దనాలంటే "రైట్". కోపమొస్తే "రైట్, రైట్". ఒకసారి డాక్టరు సూది తియ్యగానే ఆయన కంగారుగా "రైట్" అంటే, పాపం ఒప్పుకున్నారనుకుని డాక్టరు పొడిచేశాడు. ఇల్లు చేరేదాకా ఆయన ఆ డాక్టరును రైట్ రైట్ అని తిడుతూనే ఉన్నారు.

అందరూ నవ్వుకున్నారు. గిన్నెలమ్మ కూడా నవ్వింది. ఒక్క విషయం దగ్గర మాత్రం ఆమెకు నవ్వు రాలేదు.

డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతూ "ఉన్నావా?" అనేవారు. వంటింట్లోంచి ఈమె "ఉన్నా" అనేది. ఈమె ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన రోజున ఈమె అడిగేది, "ఉన్నారా?" అని. లోపలి నుంచి ఆయన "ఉన్నా" అనేవారు. ఇద్దరివీ షిఫ్టు ఉద్యోగాలు, ఒకరు వచ్చేసరికి ఇంకొకరు వెళ్లిపోయే సంసారం. ఒకరంటే ఒకరికి ఎంత ఇష్టమో వాళ్లు ఎప్పుడూ నోరు తెరిచి చెప్పుకోలేదు. ఈ రెండు మాటలతోనే సరిపెట్టుకున్నారు, సరిపోయింది కూడా. ఇప్పుడు వంటింట్లోంచి అలవాటు కొద్దీ "ఉన్నారా?" అంటే ముందు గదిలోంచి "రైట్" అని వస్తోంది. అది విన్నప్పుడల్లా ఆమె కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో కాసేపు నిలబడుతుంది.

కూతురిది మాటల వైద్యం. నత్తి ఉన్న పిల్లలకూ, జబ్బు చేసి మాట పడిపోయిన పెద్దలకూ మళ్లీ మాట్లాడటం నేర్పే క్లినిక్కులో పని. "ఊళ్లో వాళ్లందరికీ మాటలు తెప్పిస్తావు, మీ నాన్న దగ్గరకొచ్చేసరికి..." అని తల్లి ఒకసారి నోరు జారింది. కూతురు కంచం తీసుకుని లేచిపోవడం చూసి తల్లి నాలుక కరుచుకుంది. ఆ పిల్ల రోజూ సాయంత్రం క్లినిక్కు నుంచి రాగానే గది తలుపు వేసుకుని నాన్నచేత ఏవేవో సాధన చేయిస్తుంది. లోపల ఏం జరుగుతోందని తల్లి అడగలేదు. ఎవరి మాట వాళ్లది కదా.

ఒక రోజు కూతురు ఒక సంగతి చెప్పింది. నాన్న ఒకప్పుడు చెవికోసుకుని విన్నవి ఏమైనా ఉంటే వినిపించమంది, పాత చప్పుళ్ల వెనకాలే పాత మాటలు కొన్ని బయటికి రావచ్చట. గిన్నెలమ్మకు వెంటనే తట్టింది దీపస్తంభం నాటకం. సముద్రం ఒడ్డున దీపస్తంభానికి కాపలా ఉండే ఒక ముసలాయన కథ, రేడియోలో వారం వారం వచ్చేది. ప్రతి భాగం చివరా తుఫానులో ఏదో ఒక ఓడ దారి తప్పుతుంది. కాపలాదారు బూర నోటికి పెట్టుకుని "ఇక్కడే ఉన్నాను, ఇక్కడే ఉన్నాను" అని అరుస్తాడు. కండక్టరుగారు సెలవు రోజున రేడియోకు అతుక్కుపోయి, ఆ చివరి మాట మాత్రం కాపలాదారు కంటే గట్టిగా తానే అరిచేవారు. పక్కింటివాళ్లు గోడ మీద కొట్టేవారు.

ఆ నాటకం ఎక్కడా దొరకలేదు. రేడియో వాళ్లనే అడగొచ్చు కదా అన్న ఆలోచన ఆమెకు రాలేదు. చివరికి పాత రేడియో అభిమానుల గుంపు ఒకటి కంప్యూటర్లో కనిపిస్తే అక్కడ అడిగింది. ఎవరో దారి చెప్పారు. ఫలానా ప్రోగ్రాం పెట్టుకుంటే, అది పెట్టుకున్నవాళ్ల కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయట. ఎవరి దగ్గరున్నది ఎవరైనా తీసుకోవచ్చట. గిన్నెలమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఇది మన ఎక్స్ఛేంజే కదా, తీగలు మారాయి అంతే అనుకుంది. పగటి పూట ముందు గదిలోని కంప్యూటరు ఆమె చేతిలోనే ఉంటుంది. కీబోర్డు ఆమెకు కొత్త కాదు. మధ్యాహ్నం భోజనాలయ్యేలోగా మొదటి భాగం వచ్చి పడింది.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి వినిపించింది. సముద్రం హోరు మొదలవగానే ఆయన తల ఎత్తారు. చివర కాపలాదారు బూర ఎత్తుకునేసరికి, బాగున్న చెయ్యి తనంతట తాను నోటి దగ్గరికి వెళ్లింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు, అసలు "రైట్" కూడా రాలేదు. కానీ పెదవులు కదిలింది కాపలాదారు మాటకే. ఆమె పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

రెండో భాగం దగ్గర ప్రోగ్రాం మొరాయించింది. ఎంతసేపు చూసినా కదలదు. తెర మీద ఒక వాక్యం వచ్చి కూర్చుంది: "మీరు ఇతరుల నుంచి తీసుకుంటున్నారు. ఇతరులకు ఏమీ ఇవ్వడం లేదు."

గిన్నెలమ్మకు తల కొట్టేసినట్టయింది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఆ మాట అన్నవాళ్లు లేరు. ఎవరి ఇంట్లోంచో నిండు గిన్నె వచ్చింది, తాను తినేసి కూర్చుంది, గిన్నె అక్కడే పడి ఉంది. సిగ్గుతో చుట్టూ చూసింది కూడా, ఎవరైనా చదివారేమోనని. ఇవ్వడానికి తన దగ్గర ఏముంది? వెతికితే కంప్యూటర్లో "పాఠాలు" అన్న ఫోల్డరు కనిపించింది. కూతురి పాఠాలు. చదువు సంగతులు, నలుగురికీ పనికొస్తాయి. ఇంతకంటే మంచిది ఇంట్లో ఇంకేముంటుంది? లోపల ఏముందో ఒకసారి చూద్దామా అనిపించింది. తప్పు కదా అని ఊరుకుంది. ఆ విధంగా తాను తెరవకుండానే దాన్ని లోకానికంతా తెరిచిపెట్టింది.

ప్రోగ్రాం వెంటనే మెత్తబడింది, తీసుకున్న నాటకాన్ని కూడా ఆమెకు తెలియకుండా తనంతట తానే పంచడం మొదలుపెట్టింది. ఇక రోజుకో భాగం. మధ్యాహ్నం భోజనం, తరవాత సముద్రం హోరు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఇద్దరూ నిజంగా సంతోషంగా ఉన్నారు. కంప్యూటరు కాస్త నత్తనడక నడుస్తోందని కూతురు విసుక్కునేది కానీ, పాతబడింది కదా అని ఊరుకునేది.

ఒక సెలవు రోజు పొద్దున్నే ఫోను మోగింది. ఇంటర్నెట్ కంపెనీ నుంచి. కనెక్షను కూతురి పేరు మీదే ఉంది. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. మీ కనెక్షను మీద ఒక రేడియో నాటకాన్ని తీసుకోవడమే కాకుండా ఇతరులకు పంచుతున్నారని, దాని హక్కులున్నవాళ్లు ఫిర్యాదు చేశారని, వెంటనే ఆపకపోతే కనెక్షను తీసేస్తామని, వాళ్లు కోర్టుకు వెళ్తే అది మీ పేరు మీదే వస్తుందని చెప్పింది. కూతురు నవ్వేసి, మా ఇంట్లో అలాంటి పనులు చేసేవాళ్లు ఎవరూ లేరండీ, ఇంకొకరిని చూసి పొరబడ్డారేమో అంది.

చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడ్డ గిన్నెలమ్మ ఆ మాట విన్నది.

"నేనే తల్లీ," అంది. "నాన్న కోసం."

కూతురు ఫోను పెట్టేసింది కానీ కోప్పడలేదు. నాటకమే కదా, తీసేద్దాం, రాసినవాళ్లదీ ఆడినవాళ్లదీ ఆ కష్టం, మనం ఊరికే పంచకూడదు, అంతే అని సర్దిచెప్పింది. అక్కడితో ఆగిపోయినా బాగుండేది. కానీ గిన్నెలమ్మకు "ఊరికే" అన్న మాట గుచ్చుకుంది.

"ఊరికే తీసుకోలేదమ్మా. బదులిచ్చాను. నీ పాఠాలు పెట్టాను."

కూతురు కంప్యూటరు దగ్గరికి పరుగెత్తి ముందు ఇంటర్నెట్ తీగ పీకేసింది. తరవాత ఆ తీగ చేత్తో పట్టుకునే నేల మీద కూలబడింది.

ఆ ఫోల్డర్లో ఉన్నవి పాఠాలు కావు, మనుషుల గొంతులు. క్లినిక్కుకు వచ్చేవాళ్ల సాధనను రికార్డు చేసి, మరుసటి రోజు ఏం చెప్పాలో చూసుకోవడానికి కూతురు ఇంటికి తెచ్చుకున్నవి. తన పేరు తానే పలకలేక ఏడ్చే పిల్లాడి గొంతు అందులో ఉంది. నత్తి ఉందని ఆఫీసులో ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్న ఒక పెద్ద ఉద్యోగి గొంతు ఉంది. ఆపరేషన్ తరవాత గొంతు మారిపోయి, ఇంట్లో వాళ్ల ముందు కూడా నోరు విప్పని ఒక ఆవిడ, కూతురి ముందు మాత్రం మొదటిసారి మాట్లాడిన మాటలు ఉన్నాయి. ఇవి ఎవరి చేతిలోనైనా పడితే ఆ మనుషులకు తలెత్తుకునే దారి ఉండదు. కూతురి ఉద్యోగం సంగతి సరేసరి.

గిన్నెలమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఎవరి మాటా వినని మనిషి, ఇంతమంది మాటలు వీధిలో పెట్టింది. కూతురి ఎదుట నిలబడటానికి ఆమెకు మొహం చెల్లలేదు. తీసేశాం కదా, ఇక ఎవరికి తెలుస్తుంది అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తప్పు నాదేనమ్మా," అంది కూతురు నేల మీంచే. "అవి క్లినిక్కులో తాళం వేసి ఉండాలి. సాయంత్రాలు నాన్న దగ్గర ఉండాలని నేనే ఇంటికి తెచ్చుకున్నాను. లాకు కూడా పెట్టలేదు."

"నేను బదులివ్వాలని చూశాను తల్లీ. అంతకుమించి నాకేం తెలీదు."

కూతురు తల్లి చెయ్యి పట్టుకుంది. "నువ్వెప్పుడూ నీ చేత్తో వండిందే గిన్నెలో పెట్టావు. ఈసారి పెట్టింది మనది కాదమ్మా."

మర్నాడు ఇద్దరూ కంప్యూటరు తీసుకుని క్లినిక్కుకు బయల్దేరారు. కండక్టరుగారిని లెక్చరరుగారి భార్యకు అప్పగించారు. వెళ్లేముందు గిన్నెలమ్మ అలవాటుగా ఒక డబ్బాలో ఏదో సర్దింది, క్లినిక్కు నడిపే పెద్ద డాక్టరమ్మ కోసం. సర్ది, మూత పెట్టి, మళ్లీ మూత తీసి వెనక్కి పోసేసింది. ఇవాళ ఏం పట్టుకెళ్లినా లంచంలా ఉంటుందనిపించింది. ఎవరి గుమ్మమైనా ఆమె ఖాళీ చేతులతో తొక్కడం అదే మొదలు.

క్లినిక్కులో కంప్యూటర్లు చూసుకునే ఆవిడ చాలాసేపు ఆ పెట్టెతో కుస్తీ పట్టింది. పెద్ద డాక్టరమ్మ పక్కనే కూర్చుంది. తల్లీకూతుళ్లు గోడ వారన కుర్చీల్లో పరీక్ష ఫలితం కోసం కూర్చున్న పిల్లల్లా కూర్చున్నారు. చివరికి ఆవిడ కళ్లజోడు తీసి చెప్పింది. క్లినిక్కు పద్ధతి ప్రకారం రికార్డింగులకు పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. ఆ ప్రోగ్రాంలో జనం పేరు కొట్టి వెతుక్కుంటారు కాబట్టి, ఆ అంకెల జోలికి ఎవరూ వచ్చినట్టు లేదు. బయటికి వెళ్లింది ఒకే ఒక్కటి, ఒకే ఒక్క మనిషికి. దాని పేరు "ఇక్కడే ఉన్నాను". నాటకం కోసం వెతికిన వాళ్లెవరో అది నాటకమే అనుకుని పట్టుకుపోయారు.

కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుంది. "అది నాన్నది," అంది. "నాన్న క్లినిక్కు మనిషి కాదు కదా. అందుకే అంకె పెట్టలేదు, పేరు పెట్టుకున్నాను."

గిన్నెలమ్మకు గుండెల మీంచి బరువు దిగింది. వెంటనే, దిగినందుకు సిగ్గేసింది. పోయింది తన మనిషి గొంతు కాబట్టి పరవాలేదా?

కంప్యూటర్ల ఆవిడ అంతటితో వదల్లేదు. ఆ ప్రోగ్రాంతో పాటు దొంగచాటుగా ఇంకో ప్రోగ్రాం కూడా దిగి కూర్చుందట, కంప్యూటరు నత్తనడకకు అదే కారణమట. "నాకు కనపడినంతవరకు ఇదే పోయింది పిన్నిగారూ," అంది. "కనపడనిది ఏమీ లేదని మాత్రం నేను గుండె మీద చెయ్యేసి చెప్పలేను." అందుకని ఆ ఫోల్డర్లో గొంతు ఉన్న ప్రతి ఒక్కరికీ సంగతి చెప్పి తీరాలని పెద్ద డాక్టరమ్మ తేల్చేసింది. చెప్పాల్సింది కూతురే. చెప్పాక ఎవరు ఉంటామంటారో, ఎవరు పోతామంటారో, ఆ తరవాతే ఆమె ఉద్యోగం మాట. ఇంటర్నెట్ కంపెనీకి కూడా నాటకం, ప్రోగ్రాం రెండూ తీసేశామని హామీ ఇచ్చి రమ్మంది.

ఇంటికి వచ్చేసరికి కండక్టరుగారు భోజనం చేసి నిద్రపోతున్నారు. లెక్చరరుగారి భార్య వీళ్లిద్దరికీ కూడా గిన్నెలో పెట్టి ఉంచింది. తిన్నామనిపించి, గిన్నెలమ్మ ఆ గిన్నె కడిగి పైకి ఇచ్చి వచ్చింది. అయిదు నిమిషాలు కాకముందే లెక్చరరుగారి భార్య మెట్లు దిగి పరుగున వచ్చింది. "ఏమైందండీ? ఒంట్లో ఎలా ఉంది?" అంటూ గిన్నెలమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. అప్పుడు తెలిసింది గిన్నెలమ్మకు, గిన్నె ఖాళీగా ఇచ్చి వచ్చానని. అక్కడే, ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

ఫోన్లు చెయ్యడం మర్నాడు మొదలైంది. కూతురు ఫోను చేతిలో పట్టుకుని మొదటి నంబరు దగ్గరే బిగుసుకుపోయింది. గిన్నెలమ్మ ఆ ఫోను తన చేతిలోకి తీసుకుంది. నంబరు కలిపింది. అవతల పలకగానే, ఇన్నేళ్లుగా వాడని గొంతు ఎక్కడినుంచో వచ్చేసింది. "నమస్కారమండీ. క్లినిక్కు నుంచి మీతో మాట్లాడతారు, ఒక్క నిమిషం లైన్లో ఉండండి." ఫోను కూతురికి అందించి, గదిలోంచి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. తలుపు తెరుచుకోగానే మళ్లీ లోపలికి వెళ్లి తరవాతి నంబరు కలిపింది. ఆ రోజంతా, మర్నాడంతా అదే పని.

కొందరు తిట్టారు. అది కూతురి కళ్లు చూస్తేనే తెలిసింది. పెద్ద ఉద్యోగి ఇక రానని చెప్పేశాడు, పెద్ద డాక్టరమ్మ బతిమాలినా రాలేదు. ఆ నష్టం నష్టమే, దాన్ని ఎవరూ పూడ్చలేకపోయారు. పేరు పలకలేని పిల్లాడి తల్లి మాత్రం అంతా విని, ఇంత చెప్పారు కాబట్టే మీ దగ్గరికి పంపుతాను అందట. గొంతు మారిన ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసిందట: ఎవరైనా విని ఉంటే, నా మాట వాళ్లకు అర్థమై ఉంటుందా అని. ఆ మాట చెబుతూ కూతురు ఏడ్చింది. క్లినిక్కు ఆమెను ఉంచుకుంది, కానీ ఇక ఒక్క రికార్డింగు కూడా గుమ్మం దాటడానికి వీల్లేదు. సాయంత్రాలు అక్కడే కూర్చుని పని ముగించుకుని రావాలి. నాన్న సాధన పొద్దున్నకు మారింది.

నాటకం తీసేశారు. కూతురు రేడియో వాళ్లకు ఫోను చేస్తే, పాత నాటకాలన్నీ తమ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయని, వచ్చి ఎంతసేపైనా వినొచ్చని చెప్పారు. గిన్నెలమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. వచ్చే వారం బస్సులో తీసుకెళ్తానని భర్తకు చెప్పింది. బస్సు అనగానే ఆయన హుషారుగా "రైట్" అన్నారు.

అంతా సద్దుమణిగాక ఒక పొద్దున్న కూతురు క్లినిక్కుకు బయల్దేరుతూ తల్లికి తన ఫోనూ, చెవికి పెట్టుకునే తీగా ఇవ్వబోయింది. "నాన్న రికార్డింగు క్లినిక్కు వాళ్లు తిరిగి ఇచ్చేశారు. బయటికి పోయింది ఇదే. ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్లు విన్నారు. నువ్వు వినకపోతే ఎలా?"

గిన్నెలమ్మ చెయ్యి చాచబోయి ఆగిపోయింది. అందులో ఏముందో తెలుసుకోవాలని ఎంత మనసు పీకుతోందో ఆమెకే తెలుసు. "ఆయన మాట కదమ్మా," అంది. "ఆయన్ని అడగాలి."

కూతురు ఫోను అక్కడే పెట్టి వెళ్లాక ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని, భర్త కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. జరిగిందంతా ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆమె మొదటి నుంచీ చెప్పింది, నాటకం, ప్రోగ్రాం, ఖాళీ గిన్నె, పాఠాలు, అన్నీ. చెప్పి, తల దించుకుని అడిగింది.

"ఏమండీ. మీ గొంతు ఎవరో విన్నారు. తప్పు నాదే. ఇప్పుడు నేను వినొచ్చా?"

ఆయన ఆమెను చూశారు. తరవాత ఆమె ఒళ్లో ఉన్న ఫోనును చూశారు. "రైట్," అన్నారు, చెయ్యి అడ్డంగా ఊపుతూ. వద్దు. ఆమె ఇంకోసారి అడగబోతే ఇంకా గట్టిగా "రైట్, రైట్" అని ఫోను తీసుకుని తన తొడ కింద పెట్టేసుకున్నారు.

నొచ్చుకోకూడదనుకుంది. నొచ్చుకుంది. ఎవరో దారినపోయేవాళ్లకు దక్కింది తనకు దక్కలేదు. అయినా ఇవ్వనంటే అడిగే హక్కు తనకెక్కడిది? లేచి, చీర కొంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. గిన్నెలు కడగాల్సినవి ఉన్నాయి. కాసేపటికి, గదిలో ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, అలవాటు కొద్దీ పిలిచింది.

"ఉన్నారా?"

రాబోయే జవాబు తెలుసు కాబట్టి చెయ్యి అప్పుడే కుళాయి తిప్పేసింది. నీళ్ల చప్పుడులోంచి ఏదో వినబడింది. మొదట్లో ఎక్కడో తట్టుకుని, ఆగి, మళ్లీ లేచిన గొంతు. వచ్చింది "రైట్" కాదు.

ఆమె కుళాయి కట్టేసింది. చేతులకు అంటిన నురగ కారిపోతోంది, తుడుచుకోలేదు. ముందు గదిలో కుర్చీ కిర్రుమంది. భయం భయంగా, ఎక్స్ఛేంజిలో తెగిపోయిన లైను మళ్లీ కలిపేటప్పుడు మాట్లాడినంత మెల్లగా, ఇంకోసారి అడిగింది.

"ఉన్నారా?"

"ఉ... ఉన్... ఉన్నా."

గిన్నెలమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఈసారి ఆమె చెవి తియ్యలేదు.